పిన్నికి డిక్లేర్ చేసిన గది

మా పిన్నికి ముక్కు మీద కోపం. ఆ కోపం మీద ఎప్పుడూ చిటికెడు చాక్‌పీసు పొడి. తుడుచుకోమని ఎవరైనా చెప్తే ఆ చేత్తోనే తుడుచుకుని ఇంకాస్త పూసుకునేది, పైగా చెప్పినవాళ్ళ మీద విరుచుకుపడేది.

మా ఇంటి కింది అంతస్తులో నాన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. బోర్డు ఉన్న గది ఒకటి, కంప్యూటర్లు ఉన్న గది ఒకటి, వాటి మధ్య ఎంత లాగినా పూర్తిగా పడని ఒక తలుపు. పొద్దున పూట నాన్న, మధ్యాహ్నం పూట పిన్ని జావా అనే కంప్యూటర్ భాష చెప్పేవారు. పిన్ని అంటే అమ్మకు సొంత చెల్లెలు, నాన్నకు నోరున్న మరదలు. పిల్లలు ఆవిడను బ్రాకెట్ మేడం అనేవారు, నాన్నను సి సార్ అనేవారు. మొహం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ ఆ పేర్లు ఇద్దరికీ తెలుసు. ఒకరి పేరు తలుచుకుని ఇంకొకరు లోలోపల మురిసిపోయేవారు.

నాన్న సి భాషతో జుట్టు నెరిసిన మనిషి. జావా ఆ తర్వాత వచ్చింది. కొత్త ఇంట్లోకి మారాక కూడా పాత ఇంటి స్విచ్చి ఉన్న చోటే గోడ తడిమేవాళ్ళు ఉంటారు చూడండి, నాన్న జావాలో అలా తడుముతూ ఉండేవాడు. పిన్ని నేర్చుకున్న మొదటి భాషే జావా. దాన్ని ఎవరైనా అటూ ఇటూ చేస్తే సొంత చీర మీద ఎవరో కాలు పెట్టినట్టు గయ్యిమనేది.

గొడవ అర్రే దగ్గర వచ్చింది. అర్రే అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఒకే రకం వస్తువుల్ని వరసగా పెట్టుకోవడానికి ఒకే పేరు కింద ఉన్న అరలు, అంతే. క్లాసులో నలభై మంది మార్కులు దాచాలంటే నలభై పేర్లు వెతుక్కోనక్కర్లేదు, మార్కులు అని ఒక్క పేరు పెట్టుకుంటే చాలు. అయితే ఇది ఒంటరి అంకె కాదు, అంకెల వరస అని జావాకు తెలియాలి కదా. అందుకోసం రెండు స్క్వేర్ బ్రాకెట్లు పెట్టాలి. ఎక్కడ పెట్టాలి అన్న దగ్గరే మా ఇంట్లో అగ్గి రాజుకునేది.

పిన్ని ఇలా రాసేది:

int[] marks;

నాన్న ఇలా:

int marks[];

మొదటి మాట రకం, రెండో మాట పేరు. పిన్ని బ్రాకెట్లను రకానికి అంటించేది, నాన్న పేరుకు అంటించేవాడు. జావాను అడిగితే రెండూ ఒకటే, రెండూ సరే అంటుంది. తగవు తీర్చాల్సిన పెద్దమనిషి ఇద్దరికీ తల ఊపితే ఆ తగవు తెగుతుందా?

"ఇది ఏ రకం అంటే అంకెల వరస అని ఒక్కచోట చెప్పాలి బావా. సగం ముందు చెప్పి, మిగతా సగం పేరు దాటాక గుర్తొచ్చినట్టు చెప్తారేం?" అనేది పిన్ని.

"పేరు చూడగానే వెనకాల తోక కనపడాలమ్మా. తోక ఎప్పుడైనా వెనకే కదా ఉండేది" అనేవాడు నాన్న.

"మీకు తోకల గురించి ఇంత అనుభవం ఉందని నాకు తెలీదు బావా."

ఇదంతా అన్నం దగ్గర. అమ్మ ఇద్దరికీ కూర వడ్డిస్తూ, ఇద్దరినీ గోడల్ని చూసినట్టు చూసేది.

బోర్డు ఒక్కటే కావడంతో యుద్ధం అక్కడికీ పాకింది. నాన్న పొద్దున రాసి వెళ్ళిన లైను పిన్ని పూర్తిగా చెరిపేది కాదు. చిటికెన వేలితో బ్రాకెట్లు మాత్రం తుడిచి, ముందుకు తెచ్చి పెట్టేది. మధ్యలో టీ తాగడానికి అందరూ బయటికి వెళ్తే, నాన్న డస్టరు కోసం వచ్చినట్టు వచ్చి వాటిని మళ్ళీ వెనక్కి నెట్టి, డస్టరు అక్కడే వదిలేసి వెళ్ళేవాడు. పిల్లలు తిరిగొచ్చి ఈసారి ఎక్కడున్నాయో చూసుకుని నోరు నొక్కుకునేవారు.

ఇక్కడ పైగది సంగతి చెప్పాలి. పిన్ని పనిచేసే ఆఫీసు మూతపడి, పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చిన రోజున నాన్న గుమ్మంలోనే ఎదురెళ్ళి, "పైగది నీదేనమ్మా. ఇక నిశ్చింతగా ఉండు" అన్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. పిన్ని తుడుచుకుంది. నేను చిన్నదాన్ని, ఎందుకో తెలియకపోయినా వాళ్ళతో పాటు తుడుచుకున్నాను. నాన్న ఆ మాట నిజంగా మనస్ఫూర్తిగానే అన్నాడు. అన్నాక, పని అయిపోయిందనుకుని చేతులు దులుపుకున్నాడు.

పైగది నిండా చచ్చిపోయిన కంప్యూటర్లు. పొట్టలున్న పాత మానిటర్లు, అక్షరాలు ఊడిన కీబోర్డులు, కాగితం మింగి కక్కలేక ఆగిపోయిన ప్రింటర్లు. ఎప్పటికైనా బాగుచేస్తానని నాన్న దాచుకున్నవి. "వచ్చే వారం తీయిస్తాను" అన్నాడు. ఆ వారం గడిచేదాకా అని పిన్ని మంచం నా గదిలో వేశారు. నేను స్కూలు ముగించి, కాలేజీ ముగించి, ఉద్యోగం కోసం తిరగడం మొదలుపెట్టినా ఆ వారం మాత్రం ముగియలేదు.

నా బీరువాలో ఒక అర పిన్నిది. ఆవిడ పెట్టె ఆవిడ మంచం కిందే. గోడకు మేకు కొట్టుకోవాలన్నా నన్ను అడిగేది, నేను వద్దన్నా కొట్టేసేది. పొద్దున్నే నా దుప్పటి లాగేది. నా దువ్వెనతో దువ్వుకుని, దువ్వెన బాగాలేదని నన్నే తిట్టేది. పెళ్ళి ఎందుకు చేసుకోలేదు పిన్నీ అని ఒకసారి అడిగితే, "ఇద్దరు ముగ్గురు డిక్లేర్ చేశారే. ఒక్కడూ న్యూ అనలేదు" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నాక మాత్రం నవ్వకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

ఆ న్యూ ఏమిటో చెప్తాను. జావాలో అర్రేను డిక్లేర్ చేసినంత మాత్రాన, అంటే దాని పేరు చెప్పినంత మాత్రాన, అరలు రావు. అరలు కావాలంటే విడిగా న్యూ అని, ఎన్ని కావాలో చెప్పాలి:

marks = new int[40];

అప్పుడే నలభై అరలు పుడతాయి. పుట్టాక ఇక ఒకటి పెరగదు, ఒకటి తగ్గదు. నాన్న పెరిగిన సి భాషలో ఆ బాదరబందీ లేదు. నలభై అని పేరు పక్కనే చెప్పేస్తే చోటు దానంతట అదే వచ్చేస్తుంది. నాన్నకు ఆ భాష అంత నచ్చడానికి కారణం అదేనని పిన్ని సిద్ధాంతం. మాట అనేస్తే అయిపోయినట్టే!

ఒక మధ్యాహ్నం పిన్ని ఆ పాఠమే చెబుతోంది. పక్క గదిలో నాన్న మౌసు విప్పి శుభ్రం చేస్తున్నాడు. ఆయనకు టీ ఇవ్వడానికి వెళ్ళి నేనూ అక్కడే నిలబడ్డాను. తలుపు పడదు కదా, అంతా వినిపిస్తోంది.

"డిక్లేర్ చెయ్యడం అంటే ఏంటి? పేరు పెట్టడం. ఉదాహరణకి, మా బావగారు నాకు పైగది డిక్లేర్ చేశారు. ఇంట్లో అందరూ దాన్ని పిన్ని గది అనే అంటారు. పేరుందా లేదా?"

"ఉంది మేడం."

"మరి నేను అందులో మంచం వేసుకోగలనా?"

"వేసుకోలేరు మేడం."

"ఎందుకని?"

"సార్ ఇంకా న్యూ అనలేదు మేడం!"

క్లాసంతా ఘొల్లుమంది. నాన్న చేతిలోని మౌసు బంతి జారి బల్ల కిందికి దొర్లిపోయింది. టీ కప్పు అందుకోకుండానే పైకి వెళ్ళిపోయాడు. ఆ టీ నేను తాగాను.

ఆ సాయంత్రం అన్నం దగ్గర నాన్న కంచం ముట్టలేదు. "నా ఇన్‌స్టిట్యూట్‌లో నన్నే పాఠం చేస్తావా?" అన్నాడు.

"అంత మంచి ఉదాహరణ ఇంకోటి దొరకలేదు బావా."

"గది నీదేనని ఎప్పుడో చెప్పాను కదమ్మా!"

"చెప్పారు."

"మరి ఇంకేం కావాలి?"

పిన్ని కంచం పక్కకు జరిపింది. తర్వాత ఎప్పుడూ లేనంత మెల్లగా అంది: "బస్టాపు దగ్గర లేడీస్ హాస్టల్లో గది ఖాళీ అయిందట. ఈ నెలాఖరుకి వెళ్ళిపోదామనుకుంటున్నా."

అమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. నా గది నాకొక్కదానికే మిగులుతుందని నేను ఎగిరి గంతెయ్యాలి నిజానికి. చేతిలో ముద్ద కంచంలోనే పెట్టేశాను. పిన్ని బెదిరించడానికి ఏదీ అనదు. అందుకే భయం.

నాన్నకూ భయం వేసిందని నాకు తెలుస్తూనే ఉంది. కానీ భయమేస్తే ఆయన పంతం వేషం వేసుకుంటాడు. "సరే, చూద్దాం. వచ్చే వారం ఆ కంపెనీ మేడం వస్తోందిగా మన దగ్గర. వాళ్ళ దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి మనచేత జావా చెప్పించాలా వద్దా అని చూడ్డానికి. ఆవిడ మన పిల్లల్ని చూసి సరేనంటే, ఆ రోజే పైగది ఖాళీ చేయిస్తా. ఇది నా మాట" అన్నాడు.

"అనకపోతే నేను హాస్టల్‌కి."

"ఏవండీ, ఏంటండీ ఇది? ఇంట్లో మనిషి మీద పందేలేంటి?" అంది అమ్మ. ఆ ప్రశ్న ఎవరికీ వినపడలేదు.

మేడం ముందు ప్రోగ్రాం రాసి చూపించడానికి ఎవర్ని కూర్చోబెట్టాలా అన్నదానికి మళ్ళీ కీచులాట. చివరికి ఇద్దరూ ఒప్పుకున్న ఒకే ఒక్కడు మర్యాదస్తుడు. అది మేము పెట్టుకున్న పేరు. చెప్పుల షాపులో సేల్స్‌మన్. ఎవరు ఏ చెప్పులో కాలు పెట్టినా "మీకు భలే నప్పాయండీ" అనడం వృత్తి, క్రమంగా అది స్వభావమైపోయింది. సెలవు దొరికినప్పుడల్లా పొద్దున నాన్న క్లాసులోనూ, మధ్యాహ్నం పిన్ని క్లాసులోనూ కూర్చునేవాడు. పొద్దున బ్రాకెట్లు వెనక, మధ్యాహ్నం బ్రాకెట్లు ముందు. ఎవరి మనసూ నొప్పించి ఎరగడు.

కంపెనీ మేడం వచ్చింది. ముక్తసరి మనిషి. కుర్చీ వేస్తే కూర్చోకుండా మర్యాదస్తుడి వెనకాల నిలబడింది. వాడికి కుడిపక్క పిన్ని, ఎడమపక్క నాన్న. నేను టీ పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర. మేడం మార్కుల ప్రోగ్రామే రాయమంది. నాన్నా పిన్నీ ఇద్దరూ ఒకేసారి దగ్గారు.

వాడు int అని కొట్టాడు. కొట్టి ఆగి, కుడివైపు చూశాడు. పిన్ని కళ్ళు తెరను పొడిచేస్తున్నాయి. బ్రాకెట్లు పెట్టేశాడు. పిన్ని మొహం వెలిగింది. marks అని కొట్టాడు. ఎడమవైపు చూశాడు. నాన్న మొహం మాడిపోయి ఉంది. వాడి మనసు చివుక్కుమంది. అక్కడ కూడా బ్రాకెట్లు పెట్టేశాడు.

int[] marks[];

మా ఇంట్లో తప్ప ఈ భూమ్మీద ఎక్కడా ఎవరూ చెయ్యని తప్పు అది. ఇంకా ఘోరమేంటంటే జావా దాన్ని కూడా కాదనలేదు. రెండు పక్కలా బ్రాకెట్లు కనపడితే అది అంకెల వరస కాదు, వరసలు దాచుకునే వరస అనుకుంటుంది. బీరువా అనుకున్నది బీరువాల వరస అయి కూర్చుంది. ఆ లైను మీద తప్పుంటే పడే ఎర్రగీత ఒక్కటీ రాకపోయేసరికి మర్యాదస్తుడు ఇద్దరికీ చెరో చిరునవ్వు పంచి, కింది లైనులో నలభై అరలకు న్యూ అన్నాడు. అప్పుడు పడింది ఎర్రగీత. వరసల వరస అని చెప్పి ఒట్టి వరస ఇస్తానంటే ఎలా అని జావా మొండికేసింది.

"ఆ వెనకవి తీసెయ్!" అంది పిన్ని.

"ముందువి తియ్యి, ముందువి!" అన్నాడు నాన్న.

వాడు బిక్కచచ్చిపోయి, ఎవరి మాటా తీసెయ్యలేక, ముందువీ వెనకవీ అన్నీ తీసేశాడు. ఇప్పుడది ఒంటరి అంకె అయింది. ఒంటరి అంకెలో నలభై అరలు ఎలా పడతాయి? కింది లైను మళ్ళీ ఎర్రబడింది.

మేడం తెర మీదికి వంగింది. "మీకు జావా ఎవరు చెప్పారండీ?"

"ఇద్దరూనండీ. చాలా బాగా చెప్తారండీ" అన్నాడు మర్యాదస్తుడు, కళ్ళ నీళ్ళతో.

ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మా ఆఫీసులో ఒకటే పద్ధతండీ, అందరం అలాగే రాస్తాం. ఏ పక్కన అని నన్ను అడక్కండి, నేను చెప్పను. ముందు మీరూ మీరూ తేల్చుకోండి" అంది. నా పళ్ళెంలోంచి టీ తీసుకుని నిలబడే తాగి, వెళ్ళిపోయింది. తర్వాత ఆ కంపెనీవాళ్ళు వేరే ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళారని విన్నాం.

ఆవిడ గేటు దాటగానే పిన్ని పైకి వెళ్ళింది. నెలాఖరు ఇంకా రాలేదు, అయినా మంచం కింద పెట్టె లాగిన చప్పుడు మెట్ల దాకా వినిపించింది. అమ్మ వెనకాలే వెళ్ళింది. నేను టీ కప్పులు ఏరుతూ కిందే ఉండిపోయాను. నాన్న ఆరిపోయిన తెర ముందు కూర్చుని, బాగానే ఉన్న కీబోర్డును బాగుచేస్తున్నాడు.

మర్యాదస్తుడు ఇంకా కుర్చీలోంచి లేవలేదు. తన వల్లే ఇదంతా అని వాడి బాధ. ఏదో ఒకటి మాట్లాడి సార్‌ను మామూలు మనిషిని చెయ్యాలనుకున్నాడు కాబోలు, "సార్, ఒక్క డౌటండీ. మీ పద్ధతిలో బ్రాకెట్లు వెనక పెడితే, న్యూ అనక్కర్లేదాండీ?" అని అడిగాడు.

పాఠం అడిగితే నాన్నకు ఒళ్ళు తెలియదు. కుర్చీ వాడివైపు తిప్పాడు. "ఎవరయ్యా చెప్పింది? ముందు పెట్టు, వెనక పెట్టు, ఏ పక్కన పెట్టినా జావాలో డిక్లేర్ చెయ్యడం అంటే పేరు చెప్పడమే. చెప్పినంత మాత్రాన చోటు రాదు. ఎన్నాళ్ళు చెప్పినా రాదు. న్యూ అని మనమే ఇవ్వాలి. ఇవ్వకుండా, అది నీదేగా వాడుకో అంటే ఎలా వాడుకుం..."

అక్కడ ఆగిపోయాడు. గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది, చేతిలో పెట్టె. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు.

ఎవరూ నవ్వలేదు. పిన్ని కూడా ఏ చురకా వెయ్యలేదు. ఆవిడ అలాంటి అవకాశం వదులుకోవడం నేను చూడటం అదే మొదలు. నాన్న లేచి నిలబడి గొంతు సర్దుకుని, "పైగది తాళం ఎక్కడుంది?" అని అడిగాడు.

"ఇన్నేళ్ళుగా మీ ఎదురుగానే ఉందండీ, ఆ మేకుకి" అంది అమ్మ పిన్ని వెనకాలనుంచి.

ఆ తర్వాత సాయంత్రం దాకా మా ఇంటి మెట్లకు ఊపిరాడలేదు. నాన్న, మర్యాదస్తుడు, నేను ఆ పొట్ట మానిటర్లను ఒక్కొక్కటే కిందికి దించాం. పాత సామాను కొనేవాడు వచ్చి వీధిలో నిలబడ్డాడు. ఒక్కో మానిటరు బండెక్కుతుంటే నాన్న దాని నెత్తి మీద దుమ్ము తుడిచి మరీ సాగనంపాడు. మర్యాదస్తుడు ప్రతిదానికీ "మీ బండికి భలే నప్పిందండీ" అనడం మానలేదు. పిన్ని మాత్రం పెట్టె మీద కూర్చుని చూస్తూ ఉంది, ఒక్క వైరు కూడా ముట్టుకోలేదు. నాకు ఒళ్ళు మండి, నువ్వూ ఒక చెయ్యి వెయ్యొచ్చుగా పిన్నీ అన్నాను.

"లోపల ఏం పెట్టుకోవాలో నేను చూసుకుంటానే. న్యూ మాత్రం ఆయనే అనాలి" అంది.

అంతా అయ్యాక పైకి పిలిచాం. గోడల మీద మానిటర్లు ఆనిన చోటల్లా నల్లటి మరకలు. కిటికీకి తెర లేదు, పైన ఫ్యాను లేదు. నాన్న చొక్కా నిండా బూజు. అంతసేపూ వెలిగిన మొహం ఆ ఖాళీని చూసి చిన్నబోయింది. "ఏమీ లేదమ్మా ఇందులో" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

పిన్ని గది మధ్యకు వెళ్ళి నిలబడింది. ఒకసారి చుట్టూ తిరిగింది. "లేని గది వేరు, ఖాళీ గది వేరు బావా" అంది. ముక్కు మీది చాక్‌పీసు పొడి తడిసింది. ఆ రోజు కూడా ఆ చేత్తోనే తుడుచుకుంది, ఇంకాస్త పూసుకుంది. ఈసారి ఎవరూ చెప్పలేదు, ఎవరూ తిట్లు తినలేదు.

ఆ మంచి ఘడియ చూసుకుని నాన్న మెట్ల మలుపులో దాచిన ప్రింటరు ఒకటి రెండు చేతులతో పట్టుకొచ్చాడు. "ఇదొక్కటి పనిచేస్తుందమ్మా, కొంచెం చూస్తే. ఆ మూలన పెట్టుకోనా?"

"న్యూ అన్నాక సైజు మారదు బావా. మీ జావా మీరు మళ్ళీ చదువుకోండి" అంది పిన్ని, మాట ఇంకా తడిగానే ఉండగా. తలుపు వేసేసుకుంది. ఆ తలుపు మాత్రం ఎంత చక్కగా పడిందో!

బోర్డు మీద బ్రాకెట్లు ఇప్పటికీ పొద్దున వెనక, మధ్యాహ్నం ముందు. ఆ విషయంలో ఎవరూ మారలేదు. ప్రింటరు మాత్రం నా గదిలో ఉంది, పిన్ని మంచం ఉండే చోట. ఇన్నాళ్ళకు గది నాదైందనుకుంటే ఇదేంటి నాన్నా అని నేను కాళ్ళు నేలకేసి కొట్టాను.

"ఆ చోటు నీదేనమ్మా. వచ్చే వారం తీయిస్తాను" అన్నాడు నాన్న.

పైగదిలోంచి పిన్ని నవ్వు కప్పు అదిరేలా వినిపించింది. నేను ఇంకొంచెం అరిచి ఊరుకున్నాను, ప్రింటరును మాత్రం కదిలించలేదు. నిజం చెప్పాలంటే ఆ మూల ఖాళీగా కనపడటం కంటే అదైనా ఉండటమే నయమనిపించింది.